తోట చెత్తకు ఏ బండి మాట్లాడాలి? ట్రక్కా, టిప్పరా, ష్రెడరా?

పత్తి ఆఖరి తీత అయిపోయాక, కంది నూర్పిడి తర్వాత, బత్తాయి తోటల్లో ఎండుపుల్ల తీసేటప్పుడు మన పశ్చిమ ప్రకాశంలో ప్రతి రైతుకూ వచ్చే ప్రశ్న ఒకటే. ఈ కట్టె, ఈ కంప, ఈ ఆకు అలము అంతా ఎట్లా వదిలించుకోవాలి? మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ఎటు పోయినా వేసవి ముందు పొలం గట్లమ్మట పొగ కనపడుతుంది. కాల్చని వాళ్లు ట్రాక్టర్ మాట్లాడి ఊరవతల పోసి వస్తారు. రెండింట్లోనూ మన పొలం సొత్తు బయటికి పోతోంది. రెండోదాంట్లో అయితే చేతి డబ్బులు కూడా పోతాయి.

వీడియోలో కుప్ప కొలవడం, ట్రక్కు కొలవడం చూపించాను. ఇక్కడ లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాను, బండి మాట్లాడుకునే ముందు ఒకసారి చదువుకోండి. ముందే ఒక మాట. నేను ష్రెడర్ బాడుగకు తిప్పే మనిషిని. అందుకని నా మాట మీద పోవద్దు, లెక్క మీరే వేసుకోండి.

ముందు నాలుగు కుప్పలు చేయండి

బండి మాట్లాడటానికి ముందు చేయాల్సిన పని చెత్తను వేరు చేయడం. అన్నీ కలిపి పోస్తే ఏ బండీ సరిపోదు, ఏ కంపోస్టూ కుదరదు.

మొదటి కుప్ప: ఆకులు, గడ్డి, విత్తనం పట్టని కలుపు. ఇది బండి ఎక్కాల్సిన సరుకే కాదు. ఉన్నచోటే ఆచ్ఛాదన.

రెండో కుప్ప: పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె, వేలు లావు కొమ్మలు. ఇది ష్రెడర్ సరుకు.

మూడో కుప్ప: మణికట్టు కంటే లావు మొద్దులు, సర్కారు తుమ్మ దుంగలు. వంటచెరకుకో బొగ్గుకో పనికొస్తాయి. కొనేవాళ్లే వచ్చి తీసుకుపోతారు.

నాలుగో కుప్ప: మట్టి, రాళ్లు, పలక ముక్కలు, పాత డ్రిప్ పైపులు, మల్చింగ్ షీటు, పురుగుమందు డబ్బాలు. నిజంగా పొలం బయటికి పోవాల్సింది ఇదొక్కటే. ఇందులో కూడా రాయి, ప్లాస్టిక్ కలపొద్దు. రాయి గట్టుకో బాటకో పనికొస్తుంది. పైపులు పాత సామాన్ల వాళ్లు కొంటారు. మందు డబ్బాలను మళ్లీ ఎవరూ వాడకుండా చిల్లులు పెట్టి వేరుగా ఉంచాలి.

ఇట్లా వేరు చేశాక చూస్తే, నాలుగు ట్రిప్పులు అనుకున్నది చాలాసార్లు ఒక ట్రిప్పుకు వస్తుంది.

యూనిట్ లెక్క

మన దగ్గర ఇసుక, మట్టి, గ్రావెల్ అన్నీ యూనిట్లలో మాట్లాడతారు. ఒక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. చెత్తకు కూడా అదే లెక్క పెట్టుకోండి.

ట్రక్కు లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి గుణించండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే 120 ఘనపుటడుగులు, అంటే 1.2 యూనిట్లు. అన్ని ట్రక్కులూ ఒకటే కొలత ఉండవు. ఓనరు చెప్పిన మాట కాదు, టేపు చెప్పిన మాట నమ్మండి.

ఇప్పుడు కుప్ప. గట్టులాగా పొడవుగా పోసి ఉంటే పొడవు, అడుగు వెడల్పు, ఎత్తు గుణించి సగం చేయండి. గుండ్రంగా, పైకి కొసదేరి ఉంటే అడుగు వెడల్పును అదే వెడల్పుతో గుణించి, దాన్ని ఎత్తుతో గుణించి, వచ్చినదాంట్లో పావు వంతు తీసుకోండి.

ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తున పత్తి కట్టె గట్టు ఉందనుకుందాం. గుణిస్తే 800, సగం 400 ఘనపుటడుగులు. అంటే 4 యూనిట్లు. పైన చెప్పిన ట్రక్కుకు మూడు ట్రిప్పులు చాలవు, నాలుగు కావాలి. అదే కట్టెను ష్రెడర్‌లో వేస్తే సుమారు నాలుగో వంతుకు దిగుతుంది. 100 ఘనపుటడుగులు, ఒకే ట్రిప్పు.

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లు తోట బాగుచేసుకునేటప్పుడు ఇంటి ముందు ఇనప తొట్టి బాడుగకు పెట్టించుకుంటారు, డంప్‌స్టర్ అంటారు. అక్కడ ఘనపు గజాల్లో మాట్లాడతారు. 10 గజాల తొట్టి అంటే 270 ఘనపుటడుగులు, మన లెక్కలో 2.7 యూనిట్లు. అక్కడ కూడా బాడుగ తొట్టి సైజును బట్టే కాదు, బరువు దాటితే అదనంగా కట్టాలి. అందుకే మట్టికి చిన్న తొట్టి, కొమ్మలకు పెద్ద తొట్టి తీసుకుంటారు. దేశం వేరైనా సూత్రం ఒకటే.

కంపకు చోటు చాలదు, మట్టికి టైరు చాలదు

ఒక యూనిట్ పొలం మట్టి సుమారు నాలుగున్నర టన్నులు తూగుతుంది, తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. 1.2 యూనిట్ల ట్రక్కు మట్టితో అంచుదాకా నింపితే ఐదు టన్నులు దాటిపోతుంది. రెండు చక్రాల ట్రక్కుకు, పొలం బాటకు అది భారం. మట్టి, రాయి అయితే సగానికే నింపించండి.

అదే ట్రక్కులో ఎండు పత్తి కట్టె వదులుగా వేస్తే మూడు నాలుగు వందల కిలోలు కూడా పట్టదు. మీరు డబ్బులిచ్చి మోయిస్తున్నది ఎక్కువగా గాలిని. కట్టె తోలేటప్పుడు నాలుగు పక్కలా గుంజలు పాతి ఎత్తు పెంచితే ట్రిప్పులు తగ్గుతాయి. కానీ కరెంటు తీగలు కిందికి వేలాడే బాటల్లో ఆ ఎత్తు ప్రాణం మీదికి తెస్తుంది. తాడు బిగించి, బాటంతా ముందే ఒకసారి నడిచి చూసుకోండి.

ఏ పనికి ఏ బండి

ట్రాలీ ఆటో: ఇంటి పెరడు, బడి ఆవరణ, చిన్న నర్సరీ చెత్తకు. టాటా ఏస్ లాంటి బండి మోసేది సుమారు ముప్పావు టన్ను. ఇరుకు సందుల్లోకి పోతుంది. మట్టికి పనికిరాదు.

ట్రాక్టర్ ట్రక్కు: పొలం పనికి ఇదే సరైనది. హైడ్రాలిక్ ట్రక్కు అడగండి, దించే కూలీ మిగులుతుంది. ఎకరం రెండెకరాల కట్టెకు ఇది చాలు.

టిప్పర్: గట్లు తీసేసినప్పుడు వచ్చే మట్టి, రాళ్లు, లేదా నలుగురైదుగురు రైతులది కలిపి తోలేటప్పుడు. రోడ్డు మీద ఉంచి నింపాలి. పదును మీద ఉన్న చేలోకి టిప్పర్‌ను దించొద్దు. ఆ చక్రాల కింద నేల అణిగి గట్టిపడితే, వానపాములు ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క పూటలో పోతుంది. మన ఎర్రనేలల్లో మెత్తని మట్టి లోతే తక్కువ.

ష్రెడర్: ట్రాక్టర్ పీటీవోకు తగిలించి నడిపేది. బండి చెత్తను చోటు మారుస్తుంది, ఇది చెత్తను ఎరువు చేస్తుంది. పీకిన కొద్దిరోజుల్లోపే వేస్తే తేలిగ్గా తెగుతుంది. బాగా ఎండితే దుమ్ము రేగుతుంది, బ్లేడ్లు త్వరగా మొండి అవుతాయి. వేళ్లకు మట్టి, రాయి, ఇనప తీగ లేకుండా చూడాలి. మెడలో తువ్వాలు, వేలాడే కొంగు, చేతికి గాజులు ఉన్నవాళ్లు నోటి దగ్గర నిలబడకూడదు. ఇరుక్కున్న కట్టెను చేత్తో లాగొద్దు, మిషను ఆపి తీయాలి.

పత్తి కట్టె ఎందుకు ఆలస్యం చేయకూడదు

ఇందులో చెత్త సమస్య ఒక్కటే లేదు. గులాబీ రంగు పురుగు ఆఖర్లో మిగిలిపోయిన గుడ్డికాయల్లో, కట్టెలో దాక్కుని వచ్చే పంటదాకా ఉంటుంది. కట్టెను ఇంటి దగ్గరికో చేను గట్టుకో తోలి వామి వేస్తే, పురుగును బాడుగ కట్టి మరీ దాచిపెట్టినట్టే. మందు కొట్టని మనకు దాన్ని మొదట్లోనే తుంచడం ఇంకా ముఖ్యం. ఆఖరి తీత కాగానే పీకి, ముక్కలు చేసి, నేలలో కలపడమో కంపోస్టు వేయడమో చేయాలి. ఊళ్లో ఒక్కరు చేస్తే చాలదు, చుట్టుపక్కల చేలన్నీ చేస్తేనే ఫలితం. అందుకే ష్రెడర్‌ను ఐదారుగురు కలిసి మాట్లాడుకోండి. బాడుగా తగ్గుతుంది, పురుగూ తగ్గుతుంది.

వర్షాధార పత్తిలో ఎకరానికి సుమారు ఒక టన్ను కట్టె వస్తుంది. కట్టెలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. కాబట్టి ఒట్టి కట్టె త్వరగా కుళ్లదు. ముక్కలకు పేడ నీళ్లో జీవామృతమో తగలాలి, తడి ఉండాలి. ఎకరానికి ఇచ్చే 200 లీటర్ల జీవామృతం తొలకరి పదునులో ఈ ముక్కల మీద పడితే పని మొదలవుతుంది. ఎండు వేసవిలో పోస్తే వృథా.

మీ దగ్గర ఎక్కువైంది చెత్త కాదు

ఒక యూనిట్ తరుగును 3 అంగుళాల మందాన పరిస్తే వచ్చేది 400 చదరపు అడుగులు. 8 అడుగుల బత్తాయి పాదు సుమారు 50 చదరపు అడుగులు. అంటే ఒక యూనిట్ ఎనిమిది చెట్లకే సరిపోతుంది. ట్రక్కు నిండా బయట పారబోస్తున్నామంటే పది చెట్ల ఆచ్ఛాదన పారబోస్తున్నట్టు. వాన నమ్ముకుని, లోతు బోర్లు నమ్ముకుని బతికే మన ప్రాంతంలో ఆ మూడంగుళాల దుప్పటి విలువ మీకు చెప్పక్కర్లేదు. పరిచేటప్పుడు మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి. చెదలు ఉన్న నేలల్లో ఒకేసారి మందంగా కాకుండా పలచగా రెండు మూడు సార్లు వేయండి.

బయట చెత్త ఊరికే వస్తుందంటే

పట్నంలో తోట చెత్త ఊరికే ఇస్తాం, బాడుగ మీరు పెట్టుకోండి అంటారు. మంచి బేరమే, కానీ దించకముందు చూడాలి. ప్లాస్టిక్, గాజు ఉంటే వెనక్కి పంపండి. పూసిన వయ్యారిభామ ఉంటే వద్దు. కలుపుమందు కొట్టిన గడ్డి అయితే అసలే వద్దు. కొన్ని కలుపుమందులు కంపోస్టులో కూడా త్వరగా చావవు. అనుమానం ఉంటే ఆ కంపోస్టు కుండీలో వేసి నాలుగు అలసంద గింజలు పెట్టండి, పక్కన మీ పొలం మట్టితో ఇంకో కుండీ పెట్టండి. రెండు మూడు వారాల్లో మొదటిదాంట్లో ఆకులు ముడుచుకుని వంకర తిరిగితే ఆ లోడు చేలోకి రానివ్వొద్దు.

ఇంకొకటి. పొదిలి, కనిగిరి వైపు పొగాకు కట్టె దొరుకుతుంది. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన మొక్కలో కూడా చాలాకాలం బతికే ఉంటుంది. ఆ కట్టెను టమాట, మిరప మళ్లలో ఆచ్ఛాదనగా వాడొద్దు.

ఎక్కడ పోయకూడదు

వాగులో, చెరువు కాలువలో పోస్తే ఎవరూ అడగరనుకుంటాం. గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. దానిలోకి నీళ్లు తెచ్చే వాగుల్లో మనం కంప నింపితే ఆ గుర్తింపు ఎందుకు? తోట చెత్తను వీధిలో, కాలువలో వేయకూడదని, బహిరంగంగా కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెప్పాయి. నల్లమల అంచు ఊళ్లలో అయితే మన గట్టు మీద పెట్టిన నిప్పు ఎండాకాలం గాలికి అడవిలోకి పోవడానికి ఎంతోసేపు పట్టదు.

బాడుగ మాట్లాడేటప్పుడు అడగాల్సినవి

బాడుగ ట్రిప్పుకా, గంటకా, రోజుకా? డీజిల్ ఎవరిది? ఎత్తే కూలీ, దించే కూలీ అందులో ఉందా? నింపేదాకా ఆగితే ఎంత? ఎక్కడ దించుతారు, ఆ స్థలం వాళ్లు ఒప్పుకున్నారా? పైన పట్టా కప్పుతారా? ష్రెడర్ అయితే ఎంత లావు కట్టె తీసుకుంటుంది, బ్లేడు విరిగితే ఎవరి ఖర్చు?

తర్వాత ఇట్లా లెక్క వేయండి. ట్రిప్పు వెయ్యి రూపాయలు అనుకుంటే పైన చెప్పిన 4 యూనిట్ల కట్టెకు నాలుగు వేలు, కూలీ వేరు. చివరికి మీ చేతిలో మిగిలేది ఏమీ లేదు. ష్రెడర్‌కు గంట బాడుగ, ట్రాక్టరు, ఇద్దరు మనుషులు కలిపి అంతే అయినా, ఎనిమిది చెట్ల ఆచ్ఛాదన మీ చేలోనే ఉంటుంది. ష్రెడర్ ఖర్చు అంతకంటే బాగా ఎక్కువ అవుతుందంటే, మీ కుప్ప దానికి చిన్నదని అర్థం. పక్క రైతును కలుపుకోండి, లేదా కొడవలితో నరికి పాదుల్లో వేసుకోండి. పనిముట్ల అద్దె కేంద్రం మీ దగ్గర ఉందేమో రైతు సేవా కేంద్రంలో కూడా అడగండి.

మీ ఊళ్లో ట్రక్కు బాడుగ ఎంత నడుస్తోంది, ష్రెడర్ గంటకు ఎంత తీసుకుంటున్నారు, కింద రాయండి. ఊరి పేరుతో సహా రాస్తే పక్క ఊరి రైతులు కలిసి మాట్లాడుకోవడానికి వీలవుద్ది.