గెలీలియో అమ్ముకున్న కంపాస్

210 సెంటీమీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపును ఇరవయ్యో వంతుకు కుదించి గీయమంటే, ఈనాటి బడిపిల్లలు 10.5, 4.5 అని రాసుకుని స్కేలు అందుకుంటారు. పదహారో శతాబ్దపు ఇటలీలో అదంత తేలిక కాదు. ఒక్కో ఊరికి ఒక్కో కొలత. దశాంశాల మీద సైమన్ స్టెవిన్ పుస్తకం వచ్చిందే 1585లో. పనివాళ్లు భిన్నాలతోనే కుస్తీ పట్టాలి.

పాడువా విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే గెలీలియోకు జీతం చాలదు. చెల్లెళ్ల కట్నాల భారం వేరే ఉంది. 1597 ప్రాంతంలో ఆయన తయారుచేసిన ‘రేఖాగణిత, సైనిక కంపాస్’ ఈ కుస్తీని తప్పించింది. ఇలాంటివి అప్పటికే కొన్ని వాడుకలో ఉన్నాయి, ఆయన బాగా మెరుగుపరిచాడు. చూడ్డానికి రెండు చదునైన ఇత్తడి కాళ్లు, ఒక కొసన కీలు. కీలు నుంచి మొదలై రెండు కాళ్ల మీదా ఒకే తీరున గీతలు, అంకెలు.

బొమ్మను కుదించాలంటే ముందు దాన్లోని ఒక గీతను డివైడరుతో పట్టుకోవాలి. ఒక ముల్లు కీలు మీద పెడితే రెండోది కాలి పొడవునా 120 దగ్గర పడిందనుకోండి. కొత్త బొమ్మలో ఆ గీత ఎంత ఉండాలో అంత దూరం రెండు 120ల మధ్య అడ్డంగా పట్టేలా కాళ్లు తెరవాలి. ఇక వాటిని కదపకూడదు. మిగతా ప్రతి గీతనూ కాలి పొడవునా కొలిచి అంకె చూడటం, ఆ అంకెల మధ్య అడ్డంగా దూరం తీసుకుని కాగితం మీద పెట్టడం, అంతే. గుణకారం లేదు, భాగహారం లేదు. కీలు దగ్గర ఏర్పడే త్రిభుజాలన్నీ సరూపాలు కాబట్టి నిష్పత్తి దానంతటదే నిలుస్తుంది. యూక్లిడ్ సిద్ధాంతానికి కీలు బిగించారన్నమాట!

పరికరాలు చేయడానికి మజ్జోలేని అనే పనిమంతుణ్ణి గెలీలియో ఇంట్లోనే పెట్టుకున్నాడు. అసలు రాబడి మాత్రం దాన్ని వాడటం నేర్పే పాఠాల మీదే. 1606లో వాడుక చెప్పే పుస్తకం 60 ప్రతులు వేయించాడు, అందులో పరికరం బొమ్మ మాత్రం వేయలేదు. చూసి ఎవరైనా చేసుకుంటారేమోనని! ఆయన భయం ఉత్తదేం కాదు. మరుసటి ఏడే బాల్దసారె కాప్రా అదే విషయాన్ని లాటిన్‌లో తనదిగా అచ్చు వేశాడు. గెలీలియో ఫిర్యాదుపై విచారణ జరిగి, కాప్రా ప్రతులను స్వాధీనం చేసుకున్నారు.

ఇంగ్లండులో ‘సెక్టర్’ పేరుతో ఈ జాతి పరికరాలు పందొమ్మిదో శతాబ్దపు డ్రాయింగ్ పెట్టెల్లో కూడా ఉండేవి. తర్వాత మాయమయ్యాయి. దాని జంట డివైడరు మాత్రం నేటికీ ప్రతి జామెట్రీ బాక్సులో ఉంటుంది. అదెందుకిచ్చారో తెలియని పిల్లలు దాంతో బల్లల మీద పేర్లు చెక్కుతుంటారు.