ఉడ్ స్టవ్: హాల్లో చెమటలు.. బెడ్‌రూమ్‌లో వణుకు! ఒక్క కట్టెల స్టవ్‌తో ఇల్లంతా సమంగా వేడెక్కాలంటే ఏం చేయాలి?

హాల్లో కట్టెల స్టవ్ భగభగ మండుతోంది. సోఫాలో కూర్చున్నవాళ్లు స్వెటర్లు తీసి పక్కన పెట్టేశారు. అదే ఇంట్లో చివరి బెడ్‌రూమ్‌లోకి వెళ్తే మాత్రం నేల మీద కాలు పెట్టలేనంత చలి. అమెరికా, కెనడాల్లో ఉడ్ స్టవ్ వాడే ఇళ్లలో ప్రతి శీతాకాలం వినిపించే మాట ఇదే. ఇంకో నాలుగు కట్టెలు వేస్తే హాల్లో ఉండలేం. వేయకపోతే పిల్లలు పడుకునే గది వేడెక్కదు. మరి దీనికి పరిష్కారం లేదా అంటే ఉంది. అది స్టవ్‌లో కాదు, గాలి నడిచే దారిలో ఉంది.

2021 ఫిబ్రవరి తర్వాత చాలామంది ఈ స్టవ్‌ల గురించి సీరియస్‌గా ఆలోచించడం మొదలుపెట్టారు. ఆ నెలలో టెక్సాస్‌ను ముంచెత్తిన మంచు తుపానులో 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపార సంస్థలకు కరెంటు పోయింది. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇళ్లు కూడా చల్లబడిపోయాయి. ఎందుకంటే గ్యాస్ ఉన్నా, వేడిగాలిని గదులకు పంపే బ్లోయర్ తిరగాలంటే కరెంటు కావాలి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ తుపాను వల్ల 246 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది చలికి శరీరం చల్లబడి ప్రాణాలు వదిలినవారే. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలకూ ఆ రాత్రులు బాగా గుర్తుంటాయి.

అసలు ఒక గదే ఎందుకు వేడెక్కుతుంది..?

మన పల్లెల్లో చలిమంట వేసుకున్నప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ముఖం, చేతులు చురుక్కుమంటాయి. వీపు మాత్రం చలికి జిల్లుమంటూనే ఉంటుంది. మంట నుంచి వచ్చే వేడి కిరణాల్లాగా తిన్నగా వెళ్తుంది కాబట్టి ఎదురుగా ఉన్నదాన్నే తాకుతుంది. ఉడ్ స్టవ్ వేడిలో చాలా భాగం ఇలాంటిదే. గోడ అడ్డొస్తే అక్కడితో ఆగిపోతుంది.

రెండో రకం వేడి గాలితో ప్రయాణిస్తుంది. స్టవ్‌ను తాకిన గాలి వేడెక్కి, తేలికై, సీలింగ్‌కి చేరుతుంది. ఇక్కడే అసలు చిక్కు. తలుపు చట్రం సీలింగ్ కన్నా అడుగు, అడుగున్నర కిందే ఉంటుంది. ఆ పై భాగంలో వేడిగాలి మూతేసిన డబ్బాలో ఉన్నట్టు చిక్కుకుపోతుంది. ఆ మందం దాటి కిందికి దిగిన వేడిగాలే పక్క గదిలోకి వెళ్తుంది. మన పాత ఇళ్లలో తలుపుల పైన వెంటిలేటర్లు పెట్టేవారు. వేడిగాలికి దారి ఇవ్వడమే వాటి పని. ఉడ్ స్టవ్ వాడే కొన్ని పాత ఇళ్లలోనూ తలుపు పైన ఇలాంటి జాలీలు కనిపిస్తాయి.

ఫ్యాన్ పెట్టాల్సింది స్టవ్ దగ్గర కాదు!

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. స్టవ్ పక్కన ఫ్యాన్ పెట్టి వేడిగాలిని చల్లటి గదివైపు తోస్తారు. చూడ్డానికి అదే కరెక్ట్ అనిపిస్తుంది. కానీ తేలికైన వేడిగాలి నాలుగు అడుగులు పోగానే చెదిరి పైకి లేచిపోతుంది.

దీనికి ఉల్టా చేస్తే పని జరుగుతుంది. చిన్న టేబుల్ ఫ్యాన్‌ను చల్లటి గది దగ్గర, కారిడార్‌లో, నేల మీద పెట్టాలి. దాని ముఖం స్టవ్ వైపు ఉండాలి. స్పీడ్ తక్కువలో ఉంచాలి. చల్లటి గాలి బరువైనది, నేలబారుగా ఉంటుంది. ఫ్యాన్ దాన్ని స్టవ్ గదిలోకి తోస్తుంటే, ఖాళీ అయిన చోటును నింపడానికి సీలింగ్ కింద ఉన్న వేడిగాలి తలుపు పై భాగం నుంచి చల్లటి గదిలోకి వస్తుంది. అంటే నేల మీద ఒక దారి, తల మీద ఒక దారి. గాలి చక్రంలా తిరగడం మొదలవుతుంది.

ఇది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక అగరుబత్తి చాలు. వెలిగించి తలుపు చట్రం పై భాగంలో పట్టుకోండి. పొగ చల్లటి గదివైపు వెళ్లాలి. అదే అగరుబత్తిని నేల దగ్గర పట్టుకుంటే పొగ స్టవ్ వైపు వెళ్లాలి. రెండుచోట్లా పొగ నిటారుగా లేస్తుంటే గాలి తిరగడం లేదని అర్థం. అప్పుడు ఫ్యాన్‌ను కాస్త జరిపి మళ్లీ చూడాలి. ఫలితం కోసం ఒకటి రెండు గంటలు ఓపిక పట్టాలి. గోడలు, మంచాలు, పరుపులు కూడా వేడెక్కాలి కదా.

సీలింగ్ ఫ్యాన్ సంగతేంటి..?

అమెరికాలో అమ్మే చాలా సీలింగ్ ఫ్యాన్లకు మోటార్ మీద చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. చలికాలంలో కింద నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో, తక్కువ స్పీడులో తిరగాలి. అప్పుడు గాలి సీలింగ్‌ వైపు వెళ్లి, అక్కడ పేరుకున్న వేడిని గోడల వెంట కిందికి దించుతుంది. మీద గాలి కొట్టినట్టు కూడా అనిపించదు.

ఇంట్లో ఫర్నేస్ ఉంది కదా, దాని బ్లోయర్ ఆన్ చేస్తే వేడి అన్ని గదులకూ వెళ్తుంది కదా అని కొందరు అనుకుంటారు. చాలా ఇళ్లలో ఇది నిరాశే మిగులుస్తుంది. డక్టులు చల్లటి అటక మీదుగానో, నేల కింద నుంచో వెళ్తుంటే గోరువెచ్చని గాలి దారిలోనే చల్లారిపోతుంది.

మేడ ఉన్న ఇంట్లో సమస్య ఇంకోలా ఉంటుంది. మెట్లు పెద్ద పొగగొట్టంలా పనిచేసి వేడినంతా పైకి లాగేస్తాయి. మెట్ల దగ్గర మందపాటి కర్టెన్ కడితే ఆ వేడిని కొంత అదుపు చేయొచ్చు. స్టవ్ బేస్‌మెంట్‌లో ఉంటే మాత్రం ఇన్సులేషన్ లేని కాంక్రీట్ గోడలే వేడిలో పెద్ద వాటా తాగేస్తాయి.

పెద్ద స్టవ్ కొంటే సరిపోతుందా..?

సరిపోదు. పైగా ఇబ్బంది పెరుగుతుంది. స్టవ్ అవసరానికి మించి పెద్దదైతే హాల్ భరించలేనంత వేడెక్కుతుంది. దాంతో గాలి వచ్చే దారి మూసి మంటను అణచిపెడతారు. అణిగిన మంట సరిగా కాలదు, పొగ ఎక్కువ వస్తుంది. ఆ పొగ చిమ్నీ గోడలకు తారులా అంటుకుంటుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. అది పేరుకుంటే ఒకరోజు చిమ్నీలోనే మంటలు లేస్తాయి. అందుకే మధ్యస్థంగా ఉన్న స్టవ్‌లో, తక్కువ కట్టెలతో, మంట ధాటిగా ఉండేలా కాల్చడం మేలు. ఇల్లు కట్టేటప్పుడే ఆలోచిస్తే స్టవ్‌కు ఇంటి నడిమధ్య చోటు ఇవ్వడం అన్నిటికన్నా మంచిది.

కట్టె కూడా ముఖ్యమే. పచ్చి కట్టె బరువులో సగం వరకూ నీరే ఉండొచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చయిపోతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. చీల్చిన కట్టెలను నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడేలా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది ఆరబెట్టాలి. తేమ కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. అది లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినదైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది.

రాత్రంతా వేడి నిలవాలంటే..?

ఇనుప స్టవ్ త్వరగా వేడెక్కుతుంది, త్వరగానే చల్లారుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి చలి వేసేది అందుకే. రష్యా, ఫిన్లాండ్ వాళ్లు దీనికి వందల ఏళ్ల క్రితమే ఉపాయం కనిపెట్టారు. టన్నుల బరువుండే ఇటుక, రాతి పొయ్యిలు కట్టుకున్నారు. వాటిలో గంట, రెండు గంటలు పెద్ద మంట వేస్తారు. పొగ లోపలి వంకర దారుల్లో తిరిగి తన వేడిని రాయికి ఇచ్చి బయటికి పోతుంది. మంట ఆరినా రాయి గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. కొరియాలో ఓండోల్ పద్ధతిలో పొగను నేల కింద నుంచి పంపిస్తారు. మన కశ్మీర్‌లో హమామ్ అనే గదికి రాతి నేల వేసి దాని కింద నిప్పు పెడతారు. అన్నిటిలో సూత్రం ఒక్కటే. వేడిని గాలికి కాకుండా బరువైన వస్తువుకు ఇస్తే అది నెమ్మదిగా, సమంగా పంచుతుంది.

కన్నాలు మూయకుండా ఎన్ని కట్టెలు వేసినా వృథానే. వేడిగాలి అటక మూత సందుల్లోంచి పైకి పోతుంటే, ఆ లోటు పూడ్చడానికి కింద కిటికీలు, తలుపుల సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది. ముందుగా అటక మూత, ఆ తర్వాత కిటికీలు చూసుకోవాలి.

థర్మోస్టాట్ మోసం.. పైపులు పగిలే ప్రమాదం

చాలామంది పట్టించుకోని విషయం ఇది. ఫర్నేస్‌ను నడిపించే థర్మోస్టాట్ సాధారణంగా హాల్లో ఉంటుంది. స్టవ్ వల్ల హాల్ వెచ్చగా ఉంటే ఇల్లంతా వెచ్చగా ఉందని అది లెక్క వేసుకుంటుంది, ఫర్నేస్ ఆన్ కాదు. అటు చివరి బాత్రూమ్ గోడలో ఉన్న నీళ్ల పైపు గడ్డకట్టి పగిలిపోతుంది. బాగా చలి ఉన్న రాత్రుల్లో ఆ గది తలుపు తెరిచి ఉంచాలి. సింక్ కింద అల్మారా తలుపులు తీసిపెట్టి, కుళాయి నుంచి సన్నగా నీళ్లు కారేలా వదలాలి. చివరి గదిలో ఒక చిన్న థర్మామీటర్ పెట్టుకుంటే ఊహించుకోవాల్సిన పని ఉండదు.

తాళింపు వేసేటప్పుడు జాగ్రత్త!

స్టవ్ మండటానికి ఇంట్లోని గాలినే వాడుకుంటుంది. అదే సమయంలో వంటగదిలో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెడితే, సందులన్నీ మూసిన ఇంట్లో ఆ ఫ్యాన్ చిమ్నీ గాలిని వెనక్కి లాగే ప్రమాదం ఉంది. అంటే పొగ, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇంట్లోకి వస్తాయి. పోపు ఘాటు పోవాలని ఫ్యాన్ వేసేటప్పుడు దగ్గర్లోని కిటికీ కొద్దిగా తెరవాలి. స్టవ్‌కు బయటి నుంచి నేరుగా గాలి అందించే పైపు పెట్టించుకునే వీలుందేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు దాని లక్షణాలు. ఇంట్లో అందరికీ ఒకేసారి ఇలా అనిపిస్తే ఆలోచించకుండా బయటికి వచ్చేయాలి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం తప్పనిసరి. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఉండాలి. టెక్సాస్ తుపాను రోజుల్లో ఇంట్లో బొగ్గులు కాల్చి, గ్యారేజ్‌లో కారు ఆన్ చేసి ఈ వాయువుకు బలైనవారూ ఉన్నారు. చిమ్నీ లేని ఏ నిప్పూ మూసిన గదిలో ఉండకూడదు. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలికి తట్టుకోలేక గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవారికీ ఇదే హెచ్చరిక.

ఇవి మర్చిపోవద్దు

- స్టవ్‌కు మూడు అడుగుల లోపు కర్టెన్లు, సోఫాలు, ఆరేసిన బట్టలు ఉండకూడదు.
- ఏడాదికోసారి చిమ్నీని తనిఖీ చేయించి శుభ్రం చేయించాలి.
- బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి దూరంగా బయట పెట్టాలి. అందులో నిప్పు కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి.
- రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్, ప్లైవుడ్ కాల్చకూడదు.
- స్టవ్ పెట్టేముందు స్థానిక అనుమతి, ఇన్సూరెన్స్ నిబంధనలు చూసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో అయితే 'స్పేర్ ది ఎయిర్' అలర్ట్ ఇచ్చిన రోజుల్లో కట్టెలు కాల్చడంపై నిషేధం ఉంటుంది.

ఇవన్నీ చేసినా అన్ని గదుల్లో ఒకే ఉష్ణోగ్రత రాదు. హాల్‌కి, చివరి గదికి మధ్య కొన్ని డిగ్రీల తేడా మిగులుతుంది. పడకగది కాస్త చల్లగా ఉన్నా దుప్పటి కప్పుకుంటే నిద్రకు ఇబ్బంది లేదు. ఈ రాత్రికే కొత్తగా ఏమీ కొనకుండా మొదలుపెట్టాలంటే.. గది తలుపు తీయండి, టేబుల్ ఫ్యాన్‌ను నేల మీద పెట్టి స్టవ్ వైపు తిప్పండి, అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి.