పూజ్యం అన్నవారికి 354 జవాబులు

'పూజ్యం' అనే మాటకు తెలుగులో రెండర్థాలు. ఒకటి పూజించదగినది, రెండోది సున్నా. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాస్తే, అందులో ఉన్నది రెండో అర్థమేనని తెలంగాణలో చదువుకున్నవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి మనసులో ఆ మాట ముల్లులా దిగింది. ఆయన మాటకు మాట అప్పజెప్పి ఊరుకోలేదు. లెక్క తీశారు. కవులారా, మీ ఊరు, పేరు, పద్యాలు పంపండని తన పత్రిక ద్వారానే కబురు పెట్టారు. సంస్థానాల ఆస్థాన కవులు, బడిపంతుళ్లు, ఎన్నడూ అచ్చులో తమ పేరు చూసుకోని పల్లెటూరి కవులు కదిలారు. 1934లో 'గోల్కొండ కవుల సంచిక' వెలువడింది. అందులోని కవులు 354 మంది.

ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు పులకరించేది ఆ అంకె దగ్గరే. వాదం మీద ఎవరైనా వాదం వేయగలరు. 354 పేర్లను కాదనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

*

ఆ మాట సురవరం వారికి అంతగా ఎందుకు తగిలిందో తెలియాలంటే ఆయన ఊరు చూడాలి. ఆయన పుట్టింది 1896 మే 28న. స్వగ్రామం ఇటిక్యాలపాడు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో నడిగడ్డ. ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లా, నిన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్. ఆ పక్కనే ఉన్న గద్వాల సంస్థానం పండితులను ఎంతగా ఆదరించిందంటే జనం దానికి 'విద్వద్గద్వాల' అని పేరు పెట్టుకున్నారు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలూ అంతే, కవి గడప తొక్కితే వట్టి చేతులతో పంపేవి కావు. ఆ గాలి పీల్చి పెరిగిన మనిషి ముందు ఇక్కడ కవులే లేరంటే ఎలా ఊరుకుంటాడు?

*

పాలమూరు పేరు మహబూబ్‌నగర్‌గా మారింది 1890లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. ప్రతాపరెడ్డి పుట్టేనాటికి ఆ కొత్త పేరుకు ఆరేళ్లు. సర్కారు కాగితం మీద మహబూబ్‌నగర్, జనం నోట పాలమూరు. ఈనాటికీ అంతే.

*

ఆయన చదువు కర్నూలులో మొదలై, హైదరాబాదు నిజాం కళాశాల మీదుగా మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల దాకా సాగింది. అక్కడ బి.ఏ., ఆపైన న్యాయశాస్త్రం. మద్రాసులో ఉన్న రోజుల్లోనే వేదం వేంకటరాయశాస్త్రి దగ్గర శిష్యరికం చేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు, ఐదు భాషలూ వచ్చు. ఆ చదువుకు వకీలు వృత్తిలో దండిగా సంపాదించుకోవచ్చు. కొన్నాళ్లు నల్లకోటు వేసుకున్నారు కూడా. ఆపైన విప్పేశారు.

ఆయన్ను హైదరాబాదులో నిలబెట్టినవారిలో ముఖ్యులు కొత్వాల్ రాజబహదూర్ వెంకటరామారెడ్డి. నగరానికి తొలి హిందూ కొత్వాల్, ఆయనదీ వనపర్తి ప్రాంతమే. పల్లెల నుంచి చదువుకోను వచ్చే పిల్లల కోసం 1918లో వెలసిన రెడ్డి హాస్టల్ బాధ్యతను ప్రతాపరెడ్డి చేతికి అప్పగించారు. 1924 మొదలుకొని ఏళ్ల తరబడి ఆ పిల్లలకు ఆయనే పెద్దదిక్కు.

*

తెలంగాణలో తెలుగు పత్రికల తొలి రోజుల్లో మన నల్లగొండ ఎక్కడుంది? ముందు వరసలో ఉంది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చారు. నీలగిరి అంటే నల్లగొండే. అదే ఏడాది వరంగల్ వైపు ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక తెచ్చారు. రాజధాని నుంచి కాక ఒక జిల్లా కేంద్రం నుంచీ ఒక మారుమూల పల్లె నుంచీ పత్రికలు రావడం, అదీ చదువూ కచేరీ అంతా ఉర్దూలో నడిచే రాజ్యంలో, చిన్న సాహసం కాదు.

నాలుగేళ్ల తర్వాత, 1926 మే 10న, గోల్కొండ పత్రిక మొదటి సంచిక వచ్చింది. వారానికి రెండుసార్లు. దానికి సంపాదకుడూ ప్రతాపరెడ్డే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే, చుట్టలు చుట్టి చిరునామాలు రాసి స్టాంపులు అంటించేదీ చాలాసార్లు ఆయనే. ఆ రోజుల్లో తెలుగు అచ్చంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చడం. గుణింతాలకు గళ్లు, వత్తులకు వేరే గళ్లు. ఒక్క దీర్ఘం జారిందా, 'పాలు' కాస్తా 'పలు' అయిపోతుంది. ఆ తడి ప్రూఫు కాగితాన్ని దీపం వెలుగులో పెట్టుకుని, జారిన దీర్ఘాలను వెతుక్కునే బి.ఏ., బి.ఎల్. మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. వారం వెంట వారం, ఏడాది వెంట ఏడాది ఆ పని చేశారు. 1947లో పత్రిక దినపత్రిక అయింది.

*

సంపాదకీయాలకు ముందస్తు అనుమతి ఉండాలని నిజాం ప్రభుత్వం ఆంక్ష పెట్టినప్పుడు ఆయన ఏం చేశారో తెలుసా? సంపాదకీయం వేయాల్సిన చోట ప్రపంచ మేధావుల సూక్తులు అచ్చువేశారు. సూక్తిని ఆపే చట్టం లేదు. ఎప్పుడూ ఉండే రాత ఎందుకు లేదో చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

*

ఇది పత్రికకు ఐదేళ్ల ముందటి మాట. 1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి మొదలైంది, మాట సాగనివ్వలేదు. సభలో ఉన్న తెలుగువాళ్లు ఆ అవమానాన్ని ఇంటికి మోసుకుపోలేదు. ఆ రాత్రే కూడబలుక్కుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆ మొలకే తొమ్మిదేళ్లకు నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా ఎదిగింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి అని 'గస్తీ నిషాన్ 53' నెత్తిన కూర్చున్న కాలమది. అప్పుడు, 1930 మార్చిలో, మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అధ్యక్షోపన్యాసం తెలుగులో. గేలి చేసిన భాష తొమ్మిదేళ్లలో అధ్యక్ష పీఠం ఎక్కింది.

అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. దళితుల కోసం జీవితం ధారపోసిన భాగ్యరెడ్డి వర్మ ఆ సభల్లో పాల్గొంటే సనాతనులు అభ్యంతరం లేవదీశారు. తెలుగువారిని ఒకచోట చేర్చడానికి పెట్టిన సభలోనే ఎవరు మనవాళ్లు అన్న ప్రశ్న లేచింది. ఈ ముక్కను చాలామంది దాటేసి పోతారు. నేను దాటలేను.

రెండో మహాసభ మన నల్లగొండ జిల్లా దేవరకొండలో, 1931లో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. ఎనిమిదోది 1941లో చిలుకూరులో, పదకొండోది 1944లో భువనగిరిలో. ఈ రెండింటికీ అధ్యక్షుడు బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి. వినతిపత్రాలతో మొదలైన సంఘం వెట్టి మీద తిరగబడే సంఘంగా మారింది ఈ నల్లగొండ నేల మీదే.

*

'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అని సురవరం వారి కథ ఒకటుంది, ఆయన రాసిన 'మొగలాయి కథలు'లో. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండు మంది కొత్వాళ్లు. తలా ఒకటి పట్టుకుపోయినా ఒక కొత్వాలుకు కాయ తక్కువే. ఇక పండించిన రైతుకు ఏం మిగులుతుంది? వెట్టి, నజరానా, మామూలు అన్నీ ఎరిగిన జనానికి ఆ లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

*

'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి మొదలవుతుంది. కానీ ఏ రాజు ఏ రాజును ఓడించాడన్నది ఆయనకు ముఖ్యం కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పండుగ ఎట్లా చేసుకున్నారు, పిల్లలు ఏం ఆడుకున్నారు, ఇవి కావాలి. శాసనాల్లో ఇవి పెద్దగా ఉండవు. అందుకని కావ్యాల్లో వెతికారు. పాల్కురికి సోమనాథుడు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. పండితులు అలంకారాలు చూసే చోట ఈయన అంబలి ముంతను చూశారు. నిఘంటువులు అర్థం చెప్పలేక 'క్రీడావిశేషము' అని వదిలేసిన మాటలను పట్టుకుని, ఆ ఆట ఏమిటో తేల్చడానికి పల్లెటూళ్ల వాడుకను ఆసరా చేసుకున్నారు.

ఓమనగుంటల సంగతి చదువుతూ ఒకసారి మా అవ్వకు వినిపించాను. "అవి వామనగుంటలు గదరా" అని లేచి, అటక మీది పాత చెక్కపలక దింపించింది. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, చేతులు తగిలి తగిలి నున్నబడ్డ అంచులు. గుంటల్లో చింతగింజలు పోసి, చదువు రాని మా అవ్వ నన్ను వరసగా మూడాటలు ఓడించింది. ఆ పుస్తకం నాకు నిజంగా అర్థమైంది ఆ పూటే. ఆయన సేకరించింది పోయిన కాలం కాదు, మన అటకల మీద ఉన్నదే.

*

1952 ఎన్నికల్లో ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. అదే ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. పక్కపక్క జిల్లాలు, వేర్వేరు దారులు, ఇద్దరూ ఆంధ్ర మహాసభ అధ్యక్ష పీఠం మీద కూర్చున్నవాళ్లే.

రెండేళ్లైనా నిండకముందే, 1953 ఆగస్టు 25న ప్రతాపరెడ్డి పోయారు. వయసు 57.

కేంద్ర సాహిత్య అకాడమీ తన మొట్టమొదటి పురస్కారాలు ఇచ్చింది 1955లో. తెలుగులో మొదటిది 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే. అందుకోవడానికి ఆయన లేరు. 2025 మార్చిలో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ ఆమోదించింది.

*

చివరగా ఇంకొక్క సంగతి. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1907తో ఆగిపోతుంది. అప్పటికి ఆయన పదకొండేళ్ల పిల్లవాడు. తాను పెద్దవాడై కళ్లారా చూసిన కాలాన్ని ఆ పుస్తకంలో రాయలేదు. పన్నులు, కరువులు, సభలు, పల్లెల నుంచి వచ్చిన జాబులు, వెట్టి గోడు, అదంతా గోల్కొండ పత్రిక పాత సంచికల్లో ఉంది, 1926 మే 10 నుంచి మొదలుకొని.