యూఎంఎల్, సీ4, సిస్‌ఎంఎల్: పెద్ద సిస్టమ్ డిజైన్‌కి ఏది సెట్ అవుతుంది?

మాదాపూర్ సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ఓపెన్ అయింది. దానికి ఏడాది ముందు, 1997 నవంబర్‌లో, ఓఎంజీ యూఎంఎల్‌ని స్టాండర్డ్‌గా ఆమోదించింది. అంటే హైటెక్ సిటీ, యూఎంఎల్ దాదాపు ఒకే ఈడువి.

అంతకుముందు ఎవరి గీత వాళ్లదే. గ్రేడీ బూచ్ క్లాస్‌ని మేఘంలా గీసేవారు, జేమ్స్ రంబా డబ్బాలా గీసేవారు, యూజ్ కేసులేమో ఇవార్ యాకబ్‌సన్‌వి. ముగ్గురూ రేషనల్ కంపెనీలో కలిశాక వచ్చిందే యూఎంఎల్.

యూఎంఎల్ 2.5లో 14 రకాల డయాగ్రమ్‌లున్నాయి. బీటెక్ ల్యాబ్ రికార్డు నింపడానికి బాగుంటాయి గానీ, ప్రాజెక్టులో నా ఓటు సీక్వెన్స్ డయాగ్రమ్‌కే. పేమెంట్ సర్వీస్ టైమవుట్ అయింది, ఆర్డర్ సర్వీస్ మళ్లీ రిక్వెస్ట్ పంపింది. కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవుతుందా? క్లాస్ డయాగ్రమ్‌ని ఎంతసేపు చూసినా తెలియదు. సీక్వెన్స్‌లో ఆ రెండో బాణం గీయగానే డౌట్ వచ్చేస్తుంది.

సైమన్ బ్రౌన్ తెచ్చిన సీ4 మ్యాప్స్‌లో జూమ్ చేసినట్టు ఉంటుంది: ముందు హైదరాబాద్, తర్వాత గచ్చిబౌలి, తర్వాత మీ గల్లీ. కాంటెక్స్ట్, కంటైనర్, కాంపోనెంట్, కోడ్ అని నాలుగు లెవెల్స్ (ఇక్కడ కంటైనర్ అంటే డాకర్ కాదండోయ్). టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చూపించాల్సింది ఇదే. టైమవుట్ ప్రశ్నకి మాత్రం ఈ నాలుగూ జవాబు చెప్పవు.

కార్లు, విమానాల ప్రాజెక్టులైతే సిస్‌ఎంఎల్. 2025లో ఆమోదం పొందిన వెర్షన్ 2లో మోడల్‌ని టెక్స్ట్‌గానూ రాయొచ్చు, గిట్‌లో డిఫ్ చూసుకోవచ్చు. మామూలు వెబ్ యాప్‌కి ఇది ఓవర్.

టూల్ కొనక్కర్లేదు. మెర్మెయిడ్‌లో రాసి రీడ్‌మీలో పెడితే గిట్‌హబ్ 2022 నుంచి బొమ్మగానే చూపిస్తోంది. కోడ్ మారిన పుల్ రిక్వెస్ట్‌లోనే బొమ్మ కూడా మారాలని రివ్యూలో పట్టుబట్టండి.