ఫాస్ఫేట్ ఆచూకీ చెప్పే యాంటీబాడీ

1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ పోలియోమా వైరస్ ప్రోటీన్ మీద పనిచేస్తున్నారు. పరీక్షకు ద్రావణం తాజాగా కలుపుకోకుండా, అప్పటికే వాడిన పాతదాన్నే పోశారు. వాడగా వాడగా దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కి దిగి ఉంది. ఎప్పుడూ ఒకే మచ్చగా కలిసిపోయే రెండు పదార్థాలు అంత చిన్న తేడాకే విడిపోయాయి. కొత్తగా బయటపడిన మచ్చ, ఫాస్ఫేట్ అంటుకున్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లం.

మరుసటి ఏడాదే స్టాన్లీ కోహెన్ ప్రయోగశాల మరో ముడి విప్పింది. ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం తగిలితే, దాని రిసెప్టార్ ఉన్న కణపొరలో టైరోసిన్‌లకు ఫాస్ఫేట్ అంటుకుంటోంది. ‘ఇక పెరుగు’ అన్న కబురు కణంలోకి మోసుకెళ్లే గుర్తు అదే.

చిక్కల్లా ఆ గుర్తు మరీ అరుదు కావడమే. మామూలు కణంలో ఫాస్ఫేట్ అంటిన అమైనో ఆమ్లాలు 2000 ఏరితే టైరోసిన్ ఒకటి దొరికితే దొరికినట్టు. రేడియోధార్మిక భాస్వరం వాడి, ఫిల్ము మీద మచ్చలు తేలేదాకా కాచుకోవాల్సి వచ్చేది. 1981లో అలోన్జో రాస్, డేవిడ్ బాల్టిమోర్, హెర్మన్ ఐసెన్ ఆ గుర్తునే పట్టే యాంటీబాడీ తయారుచేశారు. అయితే గుర్తు ఏ ప్రోటీన్ మీదున్నా అది పట్టేస్తుంది. ఏ చోటిదో చెప్పలేదు.

చోటు తెలియాల్సిందే. రిసెప్టార్ తోక పొడవునా టైరోసిన్‌లున్నాయి, ఒక్కోదానిది ఒక్కో పని. ఈజీఎఫ్ రిసెప్టార్‌లో 1068వ స్థానాన ఫాస్ఫేట్ అంటితే గ్రబ్2 ప్రోటీన్ వచ్చి వాలుతుంది, కబురు ముందుకు సాగుతుంది. 1045వ స్థానాన అంటితే సీబీఎల్ వచ్చి ఆ రిసెప్టార్‌నే నాశనానికి పంపుతుంది. యాక్సిలరేటరూ బ్రేకూ ఒకే తోక మీద!

అందుకే ఒక్కో చోటికి ఒక్కో యాంటీబాడీ. ఆ చోటి చుట్టూ ఉండే చిన్న ముక్కను ఫాస్ఫేట్‌తో సహా కృత్రిమంగా పేర్చి, సాధారణంగా కుందేలుకు ఎక్కిస్తారు. వచ్చిన సీరమ్‌ను ఫాస్ఫేట్ లేని అదే ముక్క నింపిన గొట్టంలోంచి వడకడతారు. ఫాస్ఫేట్ లేకున్నా అంటుకునేవి అక్కడే చిక్కుకుంటాయి, కావలసినవి కిందికి జారుతాయి. ఈ వడపోతే మొత్తం పనికి ప్రాణం.

1992లో బోస్టన్‌లో రిచర్డ్ ఎప్‌స్టీన్, బ్రయన్ డ్రూకర్ బృందం హెర్2 అనే మరో రిసెప్టార్‌కు ఇలాంటి యాంటీబాడీలు సాధించింది. 1995లో యేల్‌కు చెందిన మైకేల్ డిజొవానా, డేవిడ్ స్టెర్న్ రొమ్ము కణుతులను పరీక్షించారు. హెర్2 విపరీతంగా ఉన్న కణుతుల్లోనూ కొన్నింటిలోనే ఫాస్ఫేట్ కనిపించింది. రిసెప్టార్ ఎంతుందన్నది ఒకటి, అది పనిచేస్తోందా అన్నది మరొకటి. ఈజీఎఫ్ రిసెప్టార్‌ను అడ్డుకునే గెఫిటినిబ్‌కు లొంగే కణాలకు ఆ మందు వేసినా అంతే: యాంటీబాడీలతో చేసే పరీక్షలో రిసెప్టార్‌ను చూపే పట్టీ అలాగే ఉంటుంది, ఫాస్ఫేట్‌ను చూపే పట్టీ వెలిసిపోతుంది.

ఆస్పత్రి నమూనాలతో ఈ పని ఇంకా కష్టం. కణితికి రక్తం ఆగిన క్షణం నుంచే ఫాస్ఫటేజ్ ఎంజైములు గుర్తులు చెరిపేయడం మొదలుపెడతాయి. ప్రయోగశాలలో మంచూ, ఆ ఎంజైములను ఆపే సోడియం ఆర్థోవెనడేటూ సిద్ధంగా ఉంచుకుంటారు. కోసిన ముక్క బల్ల మీద ఎంతసేపుందో రాసి లేకపోతే, ఫాస్ఫేట్ కనబడలేదన్న ఫలితాన్ని నమ్మడానికి లేదు.