కొత్త రెక్కలకు పాత లెక్కలే

రెక్కే విమానమైన డిజైన్లు, హైడ్రోజన్ ట్యాంకులు, శబ్దాన్ని మించే వేగాలు... ఊహాచిత్రాల్లో అన్నీ అద్భుతాలే. కానీ రాయపూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే ప్రయాణికుడికి వీటిలో ఏది అందుతుంది?

2015 ఆగస్టు 7న ఢాకా నుంచి మస్కట్ వెళ్తున్న యునైటెడ్ ఎయిర్‌వేస్ విమానం ఇంజన్ చెడిపోయి రాయపూర్‌లో అత్యవసరంగా దిగింది. అందులోని 173 మంది ప్రయాణికులు మరో విమానంలో గమ్యం చేరారు. వారిని తెచ్చిన ఎండీ-83 మాత్రం అక్కడే ఉండిపోయింది. మరుసటి ఏడాది ఆ బంగ్లాదేశ్ సంస్థ సర్వీసులే ఆగిపోయాయి. పార్కింగ్ బకాయి కోట్లకు చేరింది. పదేళ్లు గడిచి 2025 వచ్చినా అది స్వామి వివేకానంద విమానాశ్రయంలో ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూనే ఉంది.

ఒకప్పుడు అదీ కొత్త డిజైనే. దాని పూర్వీకుడు డీసీ-9 తొలిసారి ఎగిరింది 1965లో. రెండు ఇంజన్లూ తోక దగ్గరే ఉండటంతో విమానం నేలకు దగ్గరగా నిలబడేది. మెట్లు విమానంలోనే ఉండేవి. నిచ్చెన బండి కూడా లేని చిన్న విమానాశ్రయాల కోసం వేసిన ఎత్తు అది. దాన్ని దెబ్బతీసింది ఇంధనం ఖర్చు. ఎండీ-83 ఇంజన్ ముందుండే పంకా వ్యాసం 1.25 మీటర్లు. ఇప్పుడు రాయపూర్‌లో దిగే ఎయిర్‌బస్ ఏ320 నియో తరహా విమానాలకు వాడే లీప్ ఇంజన్ పంకా దాదాపు 2 మీటర్లు. ఇంజన్ గర్భంలో మండే గాలి ఒక వంతైతే, దాని చుట్టూ పక్కనుంచి వెనక్కి పోయే గాలి పాత ఇంజన్లో 2 వంతులైనా లేదు. కొత్తదానిలో 11 వంతులు. ఎక్కువ గాలిని నిదానంగా నెడితే ఇంధనమూ ఆదా, చప్పుడూ తక్కువ. అంత భారీ ఇంజన్లను తోకకు తగిలిస్తే బరువంతా వెనక్కి పోతుంది. అందుకే పెద్ద ఇంజన్ల చోటు రెక్కల కిందే స్థిరపడింది.

మన దేశంలో విమాన సంస్థల ఖర్చులో అతి పెద్ద పద్దు ఇంధనమే. కాబట్టి కొత్త డిజైన్ ఏదైనా ముందు ఈ లెక్కలో నెగ్గాలి. నెగ్గలేని మహామహులు చాలామందే. శబ్దానికి రెండు రెట్ల వేగంతో వెళ్లిన కాంకార్డ్ 2003లో రిటైరైంది. రెండంతస్తుల ఏ380 తయారీ 2021లో ముగిసింది. అమ్ముడైనవి 251.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. పొడవాటి గొట్టం, దానికి రెండు రెక్కలు అన్న పాత మూసను వదిలి, విమానం మొత్తాన్నీ ఒకే రెక్కగా మలచాలంటోంది అమెరికా సంస్థ జెట్‌జీరో. అందుకు ఆ దేశ వైమానిక దళం 2023లో 23.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఇంధనం సగానికి తగ్గుతుందన్నది సంస్థ వాదన. చిక్కులూ ఉన్నాయి. వెడల్పాటి హాలు మధ్యలో కూర్చున్నవారికి కిటికీ ఉండదు. అంచున కూర్చున్నవారికి విమానం పక్కకు ఒరిగినప్పుడల్లా ఉయ్యాల తప్పదు. ప్రమాదమైతే అందరూ 90 సెకన్లలో బయటపడగలరని నిరూపించాలి.

హైడ్రోజన్‌ది మరో కథ. 2035 నాటికి హైడ్రోజన్ విమానం తెస్తామని 2020లో చెప్పిన ఎయిర్‌బస్, 2025లో ఆ గడువును వెనక్కి జరిపింది. మైనస్ 253 డిగ్రీల చలిలో ద్రవంగా ఉంచినా ఆ ఇంధనానికి మామూలుకన్నా నాలుగింతల చోటు కావాలి. బ్యాటరీలది బరువు సమస్య. కిలో విమాన ఇంధనంలో ఉండే శక్తికి కిలో బ్యాటరీలో దొరికేది నలభయ్యో వంతు. ఆలిస్ అనే విద్యుత్ విమానం 2022లో తొలిసారి గాల్లో ఉన్నది 8 నిమిషాలే.

ఇవన్నీ ఫలించినా బస్తర్‌కు చేరేదెన్నడు? రాయపూర్ నుంచి జగదల్‌పూర్‌కు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. 2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ ఈ రెండు ఊళ్ల మధ్య ఉడాన్ పథకం కింద విమానాన్ని ప్రారంభించారు. ఎయిర్ ఒడిశా నడిపిన ఆ చిన్న విమానం ఎక్కువ కాలం నిలవలేదు. 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ హైదరాబాద్-జగదల్‌పూర్-రాయపూర్ మార్గంలో ఏటీఆర్‌ను దింపింది. అది ప్రొపెల్లర్లతో నడిచే విమానం. జెట్ కన్నా నెమ్మది, కానీ తక్కువ దూరాలకు ఖర్చు తక్కువ.

చిన్న విమానానికి లెక్క కుదరడం కష్టం. ఇద్దరు పైలట్ల జీతం 180 మంది పంచుకోవడం వేరు, 19 మంది పంచుకోవడం వేరు. పెద్ద కంపెనీల చూపు పెద్ద విమానాల మీదే ఉండటానికి కారణం అదే. స్వదేశీ ప్రయత్నాలూ మందకొడిగానే సాగాయి. నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ సారస్ 2004లో ఎగిరింది. 2009లో ఒక నమూనా కూలి ముగ్గురు చనిపోయారు. 19 సీట్ల కొత్త సారస్ ఇంకా ప్రయాణికుల దాకా రాలేదు. హెచ్‌ఏఎల్ తయారీ 17 సీట్ల డోర్నియర్ మాత్రం 2022 ఏప్రిల్‌లో అస్సాం, అరుణాచల్ మధ్య ప్రయాణికులను మోయడం మొదలుపెట్టింది.

న్యూయార్క్‌ను లండన్‌కు మూడున్నర గంటల దూరంలో నిలిపిన డిజైన్ ఎప్పుడో వచ్చింది, వెళ్లిపోయింది. జగదల్‌పూర్‌ను రాయపూర్‌కు రోజూ గంటలోపు, బస్సు ప్రయాణికుడు కూడా ఆలోచించగలిగే టికెట్‌తో కలిపే డిజైన్ మాత్రం ఇంకా రావాలి. చిన్న ఊళ్లను దృష్టిలో పెట్టుకునే ఇంజనీర్లు ఒకప్పుడు డీసీ-9ను గీశారు. ఆ వంశంలోని విమానం రాయపూర్‌లో కదలకుండా ఆ మాటే గుర్తుచేస్తోంది.