చూసి గీద్దాం రండి: అరసవల్లి వీధుల్లో రెండు గంటలు

ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. మీ పాపకో బాబుకో తెల్ల కాగితం ఇచ్చి "ఒక సీనరీ వెయ్యి" అనండి. పది నిమిషాల్లో బొమ్మ వచ్చేస్తుంది. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కొండల్లోంచి దిగే ఏరు, ఏటి పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. యూకేజీ పిల్లాడూ అదే వేస్తాడు, ఎనిమిదో క్లాసు అమ్మాయీ అదే వేస్తుంది. మన చిన్నప్పుడు మనమూ అదే వేశాం.

ఇప్పుడు పొద్దున్నే డాబా ఎక్కి తూర్పు వైపు చూడండి. అరసవల్లిలో సూర్యుడు రెండు కొండల మధ్య నుంచి రాడు. మనకు తూర్పున ఇళ్లు, వాటర్ ట్యాంకులు, కేబుల్ వైర్లు ఉంటాయి. ఆ తర్వాత పొలాలు, కొబ్బరిచెట్లు, అవన్నీ దాటితే సముద్రం. సూర్యనారాయణస్వామి ఊళ్లో పెరుగుతూ మన పిల్లలు ఇంకెక్కడి సూర్యుణ్నో గీస్తున్నారు.

నేను చెప్పేది ఇంగ్లీషు, డ్రాయింగ్ కాదు. కానీ ఇదే సంగతి కాంపోజిషన్ నోట్‌బుక్కుల్లో నాకు ప్రతి టర్మ్‌లోనూ కనిపిస్తుంది. "మై టౌన్" అని టాపిక్ ఇస్తే పచ్చని పొలాలు, చల్లని గాలి, మంచి మనుషులు అంటూ క్లాసంతా ఒకే వ్యాసం రాస్తారు. గుడి గురించి రాయమంటే "ఇట్ ఈజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ టెంపుల్" దగ్గర కలం ఆగిపోతుంది. గుడి గేటుకు ఎదురుగా ఏముంది అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తెలివి లేక కాదు. స్కూల్ బస్సు కిటికీలోంచి, నాన్నగారి బండి వెనక నుంచి రోజూ ఆ వీధి దాటిపోతారు తప్ప అక్కడ ఆగి చూసే పని వాళ్లకెప్పుడూ పడదు. ఆ పని కల్పించే ఒక అలవాటు గురించే ఈ నెల మీకు చెబుతున్నాను.

దాన్ని ప్రపంచమంతా అర్బన్ స్కెచింగ్ అంటున్నారు. అమెరికాలోని సియాటిల్‌లో పత్రికా చిత్రకారుడిగా పనిచేసిన గాబ్రియేల్ కాంపనారియో 2007లో దీనికి నాంది పలికారు. తమ ఊళ్లను అక్కడికక్కడే కూర్చుని గీసేవాళ్లందర్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట చేర్చారు. ఇప్పుడు ఎన్నో దేశాల నగరాల్లో ఇలాంటి బృందాలున్నాయి, మన హైదరాబాద్‌లోనూ ఉంది. వాళ్ల నియమాలు ఎనిమిదే. వాటిలో మనకు ముఖ్యమైనవి మూడు. ఫోటో చూసి కాకుండా ఆ చోటే కూర్చుని గీయాలి. కనిపించింది కనిపించినట్టు నిజాయితీగా గీయాలి. కలిసి గీయాలి, ఒకరికొకరు తోడుండాలి. ఏ రంగులు, ఏ పెన్ను అన్నది ఎవరిష్టం వారిది. బాగా గీయాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు!

శ్రీకాకుళంలో మేము ఏడెనిమిది మందిమి నెలకొకసారి ఇలా కలుస్తున్నాం. మాకు పేరూ లేదు, బ్యానరూ లేదు. ఇద్దరు ముగ్గురు టీచర్లం, ఒక బ్యాంకు ఉద్యోగి, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన ఒక మాస్టారు. తల్లిదండ్రులతో వచ్చే స్కూలు పిల్లలూ ఉంటారు. అందరం చెప్పిన టైముకు చెప్పిన చోట చేరి ఎవరికి నచ్చిన మూల వాళ్లు పట్టుకుంటాం. రెండు గంటలు గీస్తాం. ఆ తర్వాత పుస్తకాలన్నీ నేలమీద వరసగా పరిచి, చుట్టూ నిలబడి చూస్తాం. ఫస్టు, సెకండు ఉండవు. తర్వాత టిఫిన్.

ఒకే వీధిని పది మంది గీసినవి పక్కపక్కన పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. ఒకరు గోపురం వేస్తే ఇంకొకరు కొబ్బరికాయల గుట్ట వేస్తారు. ఒక అబ్బాయి రెండు గంటలూ చెప్పుల స్టాండు మీదే కూర్చుంటాడు. ఏది కరెక్టు అన్న ప్రశ్న అక్కడ రాదు. ప్రతిదానికీ ఒకే ఆన్సర్ ఉంటుందని అలవాటు పడ్డ పిల్లలకు ఆ పది నిమిషాలు చాలా అవసరమని నా అభిప్రాయం.

మిగతా ఊళ్లలో స్కెచింగ్ బృందాలు ఎక్కువగా ఆదివారమే కలుస్తాయి. అరసవల్లిలో ఆ లెక్క కుదరదు. ఆదివారం స్వామివారి రోజు. మాఘం, వైశాఖం, కార్తీకంలో అయితే చెప్పనక్కర్లేదు, కాలు పెట్టే చోటు ఉండదు. రథసప్తమికి స్కెచ్‌బుక్ తెరవాలన్న ఆలోచన కూడా వద్దు. అందుకని చిన్నపిల్లలతో అయితే రెండో శనివారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించడం మేలు. ఎండ ఎక్కదు, నీడలు పొడుగ్గా ఉంటాయి.

సామాను కొనడానికి షాపుకు పరిగెత్తకండి. ఇంట్లో ఉన్న ఎగ్జామ్ ప్యాడ్, క్లిప్పుకు నాలుగు తెల్ల కాగితాలు, ఒక 2బి పెన్సిల్, ఒక నల్ల జెల్ పెన్ను చాలు. టోపీ, మంచినీళ్ల సీసా మర్చిపోవద్దు. రబ్బరు మాత్రం ఇంట్లోనే వదిలేయమంటాను. రబ్బరు చేతిలో ఉంటే పిల్లలు గీసేదానికంటే చెరిపేదే ఎక్కువ. తప్పు గీత పడితే దాని పక్కనే సరైన గీత వేసుకుంటే సరిపోతుంది, మొదటి గీత ఉండిపోయినా నష్టం లేదు.

ఇక గీయడం ఎలాగ? మొదటి ఐదు నిమిషాలు పెన్సిల్ ముట్టుకోకుండా చూడాలి. పిల్లలకు కష్టమైన భాగం ఇదే. తర్వాత కొలత. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకోవాలి. పెన్సిల్ కొన గోపురం పైభాగానికి ఆనినట్టు కనిపించాలి, బొటనవేలు గోపురం అడుగుకు రావాలి. ఆ కొలతను అలాగే ఉంచి పెన్సిల్‌ను అడ్డంగా తిప్పి, వెడల్పు ఆ ఎత్తులో ఎంత ఉందో చూడాలి. సగమా, ముప్పాతికా? మోచెయ్యి వంగితే లెక్క తప్పుతుంది. నిష్పత్తి అనే పాఠం పుస్తకంలో ఉన్నప్పటికంటే ఇక్కడ తొందరగా అర్థమవుతుంది.

మీరు గమనిస్తే, పక్కనుంచి కూర్చుని కూడా పిల్లలు గోపురాన్ని ఎదురుగా నిలబడి చూసినట్టే, రెండువైపులా సమానంగా వేస్తారు. వాళ్లు కంటికి కనిపిస్తున్నది వేయడం లేదు. గోపురం అంటే ఇలా ఉంటుందని మనసులో ఉన్నది వేస్తున్నారు. అప్పుడు "తప్పు" అనకండి. "నీకు ఇటువైపు ఎంత కనబడుతోంది, అటువైపు ఎంత కనబడుతోంది?" అని అడగండి. పెన్సిల్ ఎత్తి కొలుచుకుని వాళ్లే సరిదిద్దుకుంటారు. దయచేసి పెన్సిల్ లాక్కుని మీరు దిద్దకండి. మా దగ్గరకు వచ్చే అమ్మానాన్నలకు మేము ఇంకో పరిష్కారం చూపిస్తాం: వాళ్లకూ ఒక కాగితం ఇచ్చేస్తాం. సొంత బొమ్మతో తంటాలు పడుతున్న నాన్నగారు పిల్లాడి బొమ్మ జోలికి రారు.

నీడల గురించి రెండు మాటలు. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మొదట్లో చూసిన నీడ బొమ్మ పూర్తయ్యేసరికి అక్కడ ఉండదు. కాబట్టి కూర్చోగానే నీడ అంచుల్ని సన్నగా గుర్తు పెట్టేసుకుని, ఆ తర్వాత నీడ ఎటు పోయినా ఆ గుర్తునే నమ్ముకోవాలి.

ఈ ఊరికే ప్రత్యేకమైన ఒక పని ఉంది, దాన్ని మీరు ఇంట్లోనే చేయొచ్చు. ఏటా మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదటి రోజుల్లో, ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వెళ్లి స్వామివారి పాదాలను తాకుతాయని మనందరికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు, అదీ ఆ రోజుల్లోనే ఎందుకు అని మీ పిల్లలెప్పుడైనా అడిగారా? సూర్యుడు ఖచ్చితంగా తూర్పున ఉదయించేది మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో మాత్రమే. మిగతా రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో జరిగి ఉంటాడు. మార్చి 10 అంటే మొదటిదానికి సుమారు పది రోజుల ముందు. అక్టోబరు 2 అంటే రెండోదానికి సుమారు పది రోజుల తర్వాత. ఈ రెండు సమయాల్లోనూ ఆయన తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. ఒకే చోటు నుంచి వచ్చిన వెలుగు ఒకే దారిన లోపలికి వెళ్తుంది.

ఇది చెప్పేస్తే పిల్లలు మర్చిపోతారు. గీయిస్తే మర్చిపోరు. మీ డాబా మీద ఒక చోటు నిర్ణయించుకుని, తూర్పున కనిపించే ఇళ్లు, ట్యాంకులు, చెట్లను ఒక పొడుగు కాగితం మీద ఒక్కసారి గీయించండి. ఆపైన నెలకొక రోజు, సరిగ్గా అదే చోట నిలబడి, సూర్యుడు ఏ ట్యాంకు పక్కనుంచి వచ్చాడో గుర్తు పెట్టి తేదీ రాయించండి. సూర్యుడి వంక తేరిపార చూడనివ్వకండి, ఎక్కణ్నుంచి వచ్చాడో తెలిస్తే చాలు. చాపిన చేతి చివర పిడికిలి వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. మన దగ్గర జూన్‌లో సూర్యోదయం తూర్పు నుంచి ఉత్తరానికి రెండున్నర పిడికిళ్లు జరుగుతుంది, డిసెంబరులో దక్షిణానికి అంతే. ఏడాది తిరిగేసరికి ఆ కాగితం మీద ఎదురింటి ట్యాంకు నుంచి చివరి కొబ్బరిచెట్టు దాకా తేదీలు పడతాయి. గుడి కట్టినవాళ్లు ఎంత కాలం, ఎంత ఓపికగా తూర్పు వైపు చూసి ఉంటారో అప్పుడు పిల్లలకు తెలుస్తుంది.

వీధిలో గీస్తే జనం చూస్తారు కదా అని చాలామంది తల్లులు అడుగుతారు. చూస్తారు. వెనక నిలబడి వ్యాఖ్యానం కూడా చెబుతారు. పూలు, కొబ్బరికాయలు అమ్మే ఒకావిడ మా ఏడో క్లాసు అమ్మాయి కాగితంలోకి తొంగిచూసి "ఏటి తల్లీ, పక్క కొట్టు ఏసినావు, నా కొట్టు ఎయ్యనేదేటి?" అంది. పాప సిగ్గుపడుతూనే ఆ కొట్టూ వేసింది. ఎన్ని రకాల పూలు, ఏ ఊరి నుంచి వస్తాయి అని తనే అడిగి తెలుసుకుంది. కొత్తవాళ్లతో మాట్లాడటానికి భయపడే పిల్లలకు చేతిలో బొమ్మ ఉంటే మాట దానంతటదే వస్తుంది.

కొన్ని మర్యాదలు మాత్రం పాటించాలి. మనిషి పోలిక తెలిసేలా గీస్తుంటే ముందు అడగాలి, తర్వాత బొమ్మ చూపించాలి. పుష్కరిణిలో స్నానం చేసేవాళ్లను గీయకూడదు. దారికి, కొట్టుకు అడ్డం కూర్చోకూడదు. గుడి ప్రాంగణం లోపల గీయాలనుకుంటే దేవస్థానం ఆఫీసులో అనుమతి తీసుకోవాలి, లేదంటే బయటి వీధే మనకు చాలు. పదో తరగతి లోపు పిల్లల్ని పెద్దవాళ్లు తోడు లేకుండా పంపకండి.

గీయడం అయ్యాక నేను వాళ్ల చేత అదే కాగితం వెనక ఐదు ఇంగ్లీషు వాక్యాలు రాయిస్తాను. "బ్యూటిఫుల్", "నైస్" అనే మాటలు వాడకూడదన్నది ఒక్కటే షరతు. మొన్న ఒక బాబు రాసినదాన్ని తెలుగులో చెప్పాలంటే, "చెప్పుల స్టాండులో ఒక చెప్పు ఒంటరిగా ఉంది. దాని జత పైఅరలో ఉంది." గైడులో ఈ వాక్యం దొరకదు. మార్కులకూ దీనికీ నేరుగా లంకె లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ ఇలాంటి వాక్యం రాసిన పిల్లాడి నోట్‌బుక్ దిద్దడం నాకు ఇష్టం.

చందమామ, యువ ముఖచిత్రాలతో తెలుగువారందరికీ తెలిసిన వడ్డాది పాపయ్యగారు 1921లో పుట్టింది మన శ్రీకాకుళంలోనే. ఆయన తండ్రిగారు డ్రాయింగ్ మాస్టారు. ఆ రోజుల్లో బడికి డ్రాయింగ్ మాస్టారు ఉండటం మామూలు విషయం. ఇప్పుడు బొమ్మలకు వారంలో ఒక్క పీరియడ్ దొరికినా, యూనిట్ టెస్టుల ముందు మొదట పోయేది అదే. ఆ ఒక్క పీరియడ్ పోకుండా చూడమని మీరు అడిగితే మాలాంటివాళ్లకు బలం.

విజయనగరం బ్రాంచి తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఊళ్లో మూడు లాంతర్ల పాత స్తంభాన్ని 2020లో కూల్చేశారు. రోజూ దాని పక్కనుంచి వెళ్లినవాళ్లను ఇప్పుడు దాని ఆకారం గీయమంటే ఎంతమంది గీయగలరు? గంటస్తంభం ఉంది, 1713 నాటి కోట ఉంది. ముందు వాటితో మొదలుపెట్టండి. మన వైపు నాగావళి వంతెన, గుడివీధి కోటేశ్వరాలయం, ఏడు రోడ్ల కూడలి, కాస్త దూరం వెళ్లగలిగితే కళింగపట్నం లైట్‌హౌస్ ఉన్నాయి. మీ వీధిలో ఇంకా పెంకుటిల్లు మిగిలి ఉంటే అన్నిటికంటే ముందు అది.

వానాకాలంలో ఎక్కడ కూర్చోవాలి అని అడిగేవాళ్లకు మా బృందం చెప్పేది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కోవాలి. పైన కప్పు ఉంటుంది, టీ దొరుకుతుంది, రైలు లేటయితే ఎదుటి బెంచీ మీదివాళ్లు చాలాసేపు కదలకుండా కూర్చుంటారు.